బొమ్మరింట్లో బధ్నా ఎక్కడ?



ఈసారి గుడియా ఘర్ గురించి రాస్తున్నానంటే కొందరు నవ్వుతారు. వక్ఫ్ జమీన్ల గొడవలు, పిల్లల స్కాలర్‌షిప్పులు, కిరాయికి ఇల్లు దొరకని తిప్పలు, ఇన్ని మస్లాలు ఉండగా బొమ్మరిల్లా భాయ్ అని అడుగుతారు. అడగండి, నారాజ్ కాను. కానీ బొమ్మరిల్లు ఒట్టి పిల్లలాట కాదు. ఇంట్లో ఏముంటే అది ఇల్లు, ఎవరి సామాను చూపించదగ్గ సామాను అనే సవాల్ దాంట్లో ఉంది. దానికి మనం జవాబు చెప్పకపోతే వేరేవాళ్లు చెప్తారు. ఇప్పటికే చెప్తున్నారు.

సంగతేంటంటే, చికాగో దగ్గర ఉండే మా భాంజీ పాత చెక్క బొమ్మరిల్లు ఒకటి కొన్నది. అక్కడ ఇంట్లో పెద్దవాళ్లు పోయాక సామానంతా వాకిట్లో పెట్టి అమ్మేస్తుంటారు, అట్లాంటి చోట దొరికింది. కంపెనీ ముద్ర లేదు. ఎవరో తండ్రి తన బిడ్డ కోసం చేసినట్టుంది. నాలుగు గదులు. మూడింట్లో పాత సామాను అంతో ఇంతో మిగిలింది: ఒక మంచం, అద్దాల బల్ల, పొయ్యి, రెండు కుర్చీలు. నాలుగో గది ఖాళీ. "మామూ, ఈ గదిలో ఏం పెట్టను?" అని ఫోటో పంపింది.

అంతే, ఖాందాన్ వాట్సాప్ గ్రూపులో బహస్ మొదలు. మా ఆపా, అంటే ఆ పిల్ల అమ్మీ, "యే ఫుజూల్ ఖర్చీ హై" అని తేల్చేసింది. మా ఖాలా ఒకామె, ఝూమర్ వేలాడదీసి, మఖ్మల్ సోఫా వేసి, గోడకు చార్మినార్ తస్వీర్ పెట్టమంది. భాంజీకి అక్కడ పరిచయమైన పాత బొమ్మరిళ్ల కలెక్టర్లేమో, ఆ కాలపు అమెరికన్ సామాను తప్ప ఇంకేది పెట్టినా ఇంటి విలువ పోతుందన్నారు. ఈ మూడు మాటల్లోనూ కొంత నిజముంది. మూడూ అసలు సంగతిని వదిలేశాయి.

ముందు ఈ షౌఖ్ తారీఖ్ కొంచెం చూద్దాం.

ఐరోపాలో మొదట్లో బొమ్మరిల్లు పిల్లల వస్తువు కాదు, అమీర్ల ఇళ్లలో చూపుడు సామాను. 1631లో జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో అన్నా కోఫర్లిన్ అనే ఆమె పెద్ద బొమ్మరిల్లు చేయించి జనానికి చూపించింది. ఇల్లు ఎట్లా సర్దుకోవాలో, ఏ గిన్నె ఎక్కడుండాలో ఆడపిల్లలు దాన్ని చూసి నేర్చుకోవాలని దాని గురించి ఒక కాగితం కూడా అచ్చు వేయించింది. అంటే బొమ్మరిల్లు ఒక పాఠం. ఆ తర్వాత ఆమ్‌స్టర్‌డామ్‌లో పెట్రొనెల్లా ఊర్ట్‌మన్ అనే వ్యాపారి భార్య 1686 నుంచి ఇరవై ఏళ్లకు పైగా ఒక బొమ్మరిల్లును నింపుకుంటూ పోయింది. బొమ్మ సైజు చీనీ పింగాణీని చైనా నుంచే తెప్పించింది. అక్కడ కాలువ గట్టున ఒక అసలు ఇంటికి ఎంతవుతుందో ఆ బొమ్మరింటికి అంత ఖర్చయిందంటారు. ఇప్పుడది రైక్స్ మ్యూజియంలో ఉంది. అందులో దివాన్‌ఖానా ఒక్కటే లేదు. వంటిల్లు ఉంది, బట్టలు ఉతికి ఆరేసే అటక ఉంది, బాలింత గది ఉంది. మూడు వందల ఏళ్ల కిందటి డచ్ ఆడవాళ్లు ఎక్కడ కూర్చున్నారో, దేంట్లో వండారో, బిడ్డను ఎక్కడ పడుకోబెట్టారో తెలుసుకోవాలంటే ఇప్పటికీ జనం ఆ అల్మారా ముందే నిలబడుతున్నారు.

ఇంకో బొమ్మరిల్లు ఇంగ్లాండ్ రాణి మేరీది. 1921 నుంచి 1924 దాకా కట్టారు. కట్టింది ఎడ్విన్ లుట్యెన్స్. అవును, మన న్యూఢిల్లీని గీసిన ఆ లుట్యెన్సే. ఒక పక్క ఢిల్లీలో వైస్రాయ్ మహల్ లేపుతూ, ఇంకో పక్క ఈ చిన్న మహల్ చేశాడు. నల్లాలో నీళ్లొస్తాయి, కరెంటు దీపాలు వెలుగుతాయి, లిఫ్టు నడుస్తుంది. కుతుబ్‌ఖానాలో వేలెడంత కితాబుల్లో ఆ కాలపు పెద్ద రచయితలు తమ చేతులతో రాసిన కథలున్నాయి. 1924లో వెంబ్లీలో జరిగిన సామ్రాజ్య ప్రదర్శనలో దాన్ని పెట్టి దునియాకు చూపించారు. మేం ఎవరమో, మా కారీగర్లు ఏం చేయగలరో చూడండి అని. హుకూమత్ నడిపేవాళ్లకు తోపులతో పాటు బొమ్మరిల్లు కూడా కావాల్సి వచ్చింది.

భాంజీ ఉండే చికాగోలోనే, ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో నార్సిసా థోర్న్ చేయించిన 68 చిన్న గదులున్నాయి. ఎక్కువగా 1930లలో తయారయ్యాయి. ఐరోపా, అమెరికా గదులే దాదాపు అన్నీ. చైనాది, జపాన్‌ది ఒక్కొక్కటి ఉన్నాయి. హిందుస్తాన్ గది ఒక్కటి కూడా లేదు. ఆమె తప్పు పట్టడానికి ఈ మాట అనడం లేదు. ఆమె తన ఘరానా చూసిన ఇళ్లు చేయించింది. మన ఇల్లు మనం తప్ప ఇంకెవరు చేయిస్తారు?

ఇక కలెక్టర్ల మాట. పాత బొమ్మరింటికి సామాను సమకూర్చడం వాళ్లకు ఒక ఇల్మ్. మొదట నాప్ చూస్తారు. 1:12 అంటే అసలు వస్తువులో అడుగు, బొమ్మలో అంగుళం. అమెరికాలో ఒకప్పుడు బాగా అమ్ముడైన ప్లాస్టిక్, చెక్క సామాను చాలావరకు 1:16. స్వీడన్‌లో తయారైన లుండ్‌బీ ఇళ్లు 1:18. ఒకదాని కుర్చీ ఇంకోదాని బల్ల ముందు పెడితే, పెద్దవాళ్ల దావత్‌లో పిల్లల కుర్చీ వేసినట్టుంటుంది. ఆ తర్వాత ఉమర్ చూస్తారు. రోడ్ ఐలాండ్‌లో బ్లిస్ కంపెనీ చేసిన ఇళ్లకు చెక్క మీద అచ్చు కాగితం అతికించి ఉంటుంది, అట్లాంటి ఇంట్లో 1964లో ఐడియల్ కంపెనీ తెచ్చిన పెటీట్ ప్రిన్సెస్ ప్లాస్టిక్ సోఫా పెడితే కాలం కలవదు. చేయి తిరిగిన కారీగర్ సంతకం ఉన్న చిన్న కుర్చీకి ఒక్కోసారి అసలు కుర్చీని మించిన ధర పలుకుతుంది.

వాళ్ల అదబ్ మనం నేర్చుకోవాలి. పాత రంగు మీద కొత్త రంగు వేయొద్దు. లోపలి గోడ కాగితం చినిగినా పీకొద్దు. ఏదీ గోంద్‌తో అతికించొద్దు. మ్యూజియం వాళ్లు వాడే మైనం ఉంటుంది, చిటికెడు పెడితే వస్తువు కదలదు, రేపు తీసేస్తే మరక పడదు. దొరికిన పాత సామాను విరిగినా పారేయొద్దు, డబ్బాలో పెట్టి చిట్టీ రాయాలి. ఎండ పడే కిటికీ పక్కన ఇల్లు పెట్టొద్దు, బట్టలు వెలిసిపోతాయి. ఒక జాగ్రత్త తల్లులకు: పాత రంగుల్లో, పాత లోహపు బొమ్మ సామానులో సీసం ఉండొచ్చు. నోట్లో పెట్టుకునే వయసు పిల్లల చేతికి అది ఇవ్వకూడదు.

ఇంతవరకు వాళ్లతో నాకు ఇత్తిఫాఖ్ ఉంది. కానీ ఇల్లు పుట్టిన సంవత్సరం దగ్గరే దాని తారీఖ్ ఆగిపోవాలంటే మాత్రం ఒప్పుకోను. ఇల్లు చేతులు మారుతుంది. చికాగోలో డెవాన్ అవెన్యూ ఉంది కదా, మన హైదరాబాదీలు బిర్యానీకి, జోళ్లకు, ఖుర్తాలకు పోయే వీధి. ఆ ఇలాఖాలో ఒకప్పుడు యూదుల కుటుంబాలు ఎక్కువ. ఇప్పుడు అదే వీధిలో ఒక ముక్కకు గాంధీ పేరు, ఒక ముక్కకు జిన్నా పేరు, ఇంకో ముక్కకు గోల్డా మేయర్ పేరు తగిలించి ఉన్నాయి. ఎవరూ ఆ వీధిని పాడైపోయిందనరు. కొత్తవాళ్లు వచ్చారు, వాళ్ల సామాను వచ్చింది. ఊర్ట్‌మన్ బొమ్మరిల్లు కూడా ఒక్క రోజులో నిండలేదు, ఏళ్ల తరబడి ఒక్కో వస్తువు చేరింది. అందుకే భాంజీకి చెప్పాను: ఆ మూడు గదులు ఆ తెలియని తండ్రివి, వాటిని ముట్టుకోకు. ఖాళీగా వచ్చిన గది నీది. దాంట్లో నీ నానీ ఇల్లు పెట్టు. ఏ రోజు పెట్టావో కాగితం మీద రాసి గది కిందే ఉంచు. నీ తర్వాత ఆ ఇల్లు తీసుకునేవాళ్లు అటూ ఇటూ రెండు ఇళ్లనూ చూస్తారు.

ఇప్పుడు మా ఖాలా ఝూమర్ దగ్గరకు వస్తాను. నా అసలు పేచీ ఇక్కడే.

ముసల్మాన్ ఇల్లు అనగానే మనకు మనమే దేవిడీ తలుచుకుంటాం. ఝూమర్, మఖ్మల్, హుక్కా, అత్తర్‌దాన్. సినిమా వాళ్లు అదే చూపించారు, టూరిజం పోస్టర్లు అదే చూపించాయి. తెలుగు నేల మీద ముసల్మాన్ అంటే నిజాం ఖాందాన్ లేకపోతే చార్మినార్. మరి నిజామాబాద్ వైపు చాటలో తునికాకు పెట్టుకుని బీడీలు చుట్టిన మన అమ్మల ఇల్లు ఎక్కడ? గుంటూరు, కర్నూలు జిల్లాల్లో దూది ఏకే విల్లు గోడకు తగిలించుకున్న నూర్‌బాషాల ఇల్లు ఎక్కడ? ఒకే గదిని పాత చీర పర్దాతో రెండుగా చేసి, ఈ పక్క మగ మెహ్మాన్లను కూర్చోబెట్టి ఆ పక్క వంట చేసిన ఇల్లు ఎక్కడ? దేవిడీల సామాను సాలార్‌జంగ్ మ్యూజియంలో, చౌమహల్లాలో భద్రంగానే ఉంది. దానికి మన బొమ్మరింటి మదద్ అవసరం లేదు. చాటకు ఏ మ్యూజియం ఉంది?

బీద ఇల్లు చిన్న బొమ్మగా చేయడానికి పనికిరాదనుకునేవాళ్లకు ఒక మిసాల్ చెప్తాను. అమెరికాలో ఫ్రాన్సెస్ గ్లెస్నర్ లీ అనే అమీర్ ఘరానా ఆవిడ 1940లలో కొన్ని చిన్న గదులు చేసింది. అవీ 1:12 నాప్‌లోనే. కానీ అవి మహళ్లు కావు. కిరాయి గదులు, ఇరుకు వంటిళ్లు, మామూలు జనం పడక గదులు. ఒక్కో గదిలో ఒక మౌత్ జరిగి ఉంటుంది. అది ఖత్లా, ఖుద్‌కుషీనా, హాద్సానా అని పోలీసులు ఆ గదిని చూసి తేల్చాలి. చూడటం నేర్పడానికే వాటిని చేసింది. అందుకని కాల్చిన సిగరెట్టు ముక్క, పొయ్యి మీద గిన్నె, గోడకు క్యాలెండర్ తారీఖు, అన్నీ పక్కాగా ఉంటాయి. పద్దెనిమిది గదులు బాల్టిమోర్‌లో మెడికల్ ఎగ్జామినర్ దఫ్తర్‌లో ఉన్నాయి, శిక్షణకు వాడుతూ వచ్చారు. క్రైమ్ వార్తలు రాసినవాడిగా నాకు ఆమె అంటే ఇజ్జత్. మామూలు ఇంట్లోని మామూలు వస్తువు గవాహీ ఇస్తుందని ఆమెకు తెలుసు.

మన ఇళ్ల గవాహీ ఏది? పాత ఆల్బమ్ తీసి చూడండి. షాదీ ఫోటోలుంటాయి, ఖత్నా ఫోటోలుంటాయి, హజ్‌కు పోయేటప్పుడు పూలదండలతో ఫోటోలుంటాయి. బావర్చీఖానా ఫోటో ఒక్కటి చూపించండి. ఎవరూ తీయలేదు. కెమెరా మగవాళ్ల చేతిలో ఉంది, బావర్చీఖానా ఆడవాళ్ల జాగా. ఆ తర్వాత ఇల్లు అమ్మేశారు, లేకపోతే పంచుకున్నారు, అక్కడ అపార్ట్‌మెంట్ లేచింది. దాలాన్ కొలత ఎంతో ఇప్పుడు నానీలకు, దాదీలకు మాత్రమే యాద్ ఉంది.

అందుకే ఆ గదిలో పెట్టాల్సిన సామాను ఫెహ్రిస్త్ ఇది. మనం ఇప్పటికీ ఇంటిని అడుగుల్లోనే చెప్పుకుంటాం కాబట్టి హిసాబ్ సులువు, అడుగును అంగుళం చేయడమే. పది బై పన్నెండు గది, పది అంగుళాలు బై పన్నెండు అంగుళాలు. ఆరడుగుల తఖ్త్, ఆరంగుళాలు. దాని మీద దరీ, ఒక గావ్‌తకియా. తఖ్త్ కింద సందూఖ్, రెండున్నర అంగుళాలు. సందూఖ్ మూత లోపల అతికించిన పాత పేపరు మర్చిపోవద్దు. వుజూ చేసుకునే బధ్నా, అదే కొమ్ము చెంబు, అసలుది తొమ్మిది అంగుళాలైతే బొమ్మది ముప్పావు అంగుళం. పాన్‌దాన్ అంతకంటే చిన్నది. గోడలో తాఖ్, తాఖ్‌లో చిమ్నీ దీపం, దాని పైన గోడకు మసి. చుట్టచుట్టి పెట్టిన దస్తర్‌ఖాన్. కుట్టు మిషన్, పక్కన కుట్టడం సగంలో ఆగిన జాకెట్ గుడ్డ. బీడీల చాట ఒకటి, ఆకు కత్తెర ఒకటి. పర్దాకు అసలైన పాత చీర ముక్కే వాడండి.

ఇవి ఎక్కడా రెడీమేడ్‌గా దొరకవు. దొరకకపోవడమే నా దలీల్. బొమ్మ సామాను అమ్మే వెబ్‌సైట్లలో విక్టోరియా కాలపు బొగ్గుల పొయ్యి దొరుకుతుంది, ఫ్రెంచ్ కుర్చీ దొరుకుతుంది, బుల్లి టీ సెట్టు వంద రకాలు దొరుకుతుంది. బధ్నా దొరకదు. కానీ చేసే చేతులు మన దగ్గరే ఉన్నాయి. ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిణె పట్టి లక్క రంగులు వేస్తారు. కొండపల్లి, నిర్మల్ కారీగర్లు పొణికి కర్ర మీద పనిచేస్తారు, అది తేలిక, చాకుకు మెత్తగా తెగుతుంది. ఆడపిల్లలు ఆడుకునే లక్కపిడతలు మన ఇళ్లలో కూడా ఉండేవి కదా. కాకపోతే అవి పిల్లల చేతికి తగ్గ సైజు, బొమ్మరింటికి పెద్దవి. అంగుళం ఎత్తు పిడతను 1:12 ఇంట్లో పెడితే అది అడుగెత్తు దేగ్ అవుతుంది. నియాజ్ వండొచ్చు. కొలత గీసిచ్చి చిన్నవి చేయించుకోవాలి. ఆ పైసలు ఎక్కడో కార్ఖానాకు పోయే బదులు ఇక్కడి కారీగర్‌కు పోతాయి.

మా ఆపా అడిగిన ఫుజూల్ ఖర్చీ సంగతి. ఆమె ఊరికే అనలేదు, ఇస్రాఫ్ మన దీన్‌లో పసందైనది కాదు. సంతకం ఉన్న కుర్చీ కోసం నెల తన్ఖా పెట్టడం, పక్కవాళ్ల కంటే నా ఇల్లు గొప్పదని ఫోటోలు తిప్పడం, అది ఇస్రాఫే. దానికి నేను వకాలత్ చేయను. కానీ తఖ్త్‌కు నాలుగు చెక్క ముక్కలు చాలు. దరీకి పాత గుడ్డ పీలిక చాలు. పైసలకంటే ఎక్కువ ఖర్చయ్యేది నానీతో ఫోన్‌లో కూర్చునే వక్త్. "నానీ, తఖ్త్‌కు ఎన్ని కాళ్లు? తాఖ్ ఏ గోడకు ఉండేది? బధ్నా రాగిదా, ఇత్తడిదా?" అని మనవరాలు అడగడం, అటు పక్క నుంచి ముసలామె గంట సేపు చెప్పడం. దీన్ని ఫుజూల్ అందామా?

ఇంకొందరు అడిగేది, బొమ్మలు జాయెజా అని. హజ్రత్ ఆయిషా రజియల్లాహు అన్‌హా గుడియాలతో ఆడుకున్న సంగతి బుఖారీ, ముస్లిం రెండింట్లోనూ ఉంది. రెక్కల గుర్రం బొమ్మ సంగతి అబూ దావూద్‌లో ఉంది. దీని మీద ఉలమాలో ఇఖ్తిలాఫ్ కూడా ఉంది, నేను ఫత్వా ఇచ్చేవాణ్ని కాను. ఎవరి దిల్ ఒప్పకపోతే వాళ్లు మనుషుల బొమ్మలు పెట్టొద్దు. థోర్న్ గదుల్లో కూడా మనుషుల బొమ్మలు ఉండవు. అయినా ఎవరో ఇప్పుడే లేచి పక్క గదిలోకి పోయినట్టుంటుంది. మనమూ గుమ్మం దగ్గర చెప్పులు పెడదాం, తఖ్త్ మీద కళ్లజోడు పెడదాం, సగం మడిచిన జానిమాజ్ పెడదాం. రెహెల్ పెట్టండి కానీ దాని మీద ముస్‌హఫ్ పెట్టొద్దు, పిల్లల చేతుల్లో కింద పడుతుంది. బే-అదబీ ఎందుకు?

బొమ్మరిల్లు కొనే తాఖత్ అందరికీ ఉండదు, అవసరమూ లేదు. చెప్పుల డబ్బా ఒక పక్క కోసేస్తే గది అయిపోతుంది. బడిలో ప్రాజెక్ట్ అంటే పిల్లలతో తాజ్‌మహల్ చేయిస్తాం, థర్మకోల్ మీద సున్నం రంగు పూసి పంపుతాం. ఈసారి నానీ ఇల్లు చేయించండి. టీచర్ ఇదేంటమ్మా అని బధ్నా మీద వేలు పెడితే, మన బిడ్డ క్లాసులో నిలబడి చెప్తుంది. పక్కన కూర్చున్న దోస్తు మన ఇల్లు ఎట్లుంటుందో సినిమాలో కాకుండా మన బిడ్డ నోటి నుంచి వింటుంది.

కాబట్టి ఈ జుమా రోజు నమాజ్ అయ్యాక ఇంట్లో పెద్దామె పక్కన కూర్చోండి. పాత ఇంటి నక్షా గీయించండి. గీయడం రాకపోతే చెప్పించి మీరు గీయండి. దర్వాజా ఎటు, హౌజ్ ఎటు, పొయ్యి ఎటు, ఏ మూలన ఎవరు పడుకునేవారు, అన్నీ రాసుకోండి. ఇంట్లో ఇంకా ఏదైనా పాత వస్తువు మిగిలి ఉంటే టేపు పెట్టి కొలవండి. గది ఎప్పుడు చేస్తారన్నది తర్వాత చూసుకోవచ్చు. కొలతలు మాత్రం ఆలస్యం చేయొద్దు, అవి చెప్పేవాళ్లు రోజురోజుకూ తగ్గిపోతున్నారు.

ఖుదా హాఫిజ్.